బొమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియాలంటే

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. సెలవుల్లో అంగన్‌వాడీ పిల్లలకు చేతి బొమ్మలతో కథలు చెబుతుంది. గొంతు బాగుంటుంది గానీ బొమ్మకు బాధో కోపమో ఉన్నట్టు అనిపించదు, ఊరికే ఊగుతుంటుంది. ఇది నేర్చుకుంటే బతుకుతెరువు ఉంటుందా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు చెప్పినదాన్ని బట్టి అమ్మాయి బొమ్మను ఆగనివ్వడం లేదు. మాటమాటకూ తల ఊపితే ఏ కదలికకూ అర్థం మిగలదు. కథకళి వేషాలతో ఆడించే కేరళ చేతి బొమ్మలాట పావకథకళిలో బొమ్మకు తల, చేతులు కొయ్యవే, ముఖం మారదు. అయినా అది కుంగిపోయినట్టు, రగిలిపోయినట్టు కనిపిస్తుందంటే అదంతా వేళ్లు, మణికట్టు చేసే పని.

ముందు పట్టు చూడండి. చూపుడు వేలు తలలో, బొటనవేలు, మధ్య వేలు చేతుల్లో. మెడ గొట్టం వదులైతే తల ఆలస్యంగా తిరుగుతుంది, లోపల స్పాంజి ముక్క పెట్టి బిగించాలి. ముంజేయి నిట్టనిలువుగా ఉండాలి, బొమ్మకు నడుమూ కాళ్లూ అదే. నొప్పెట్టి మోచెయ్యి దిగితే బొమ్మ నేలలోకి కూరుకుపోతుంది. మణికట్టు వెనక్కి వాలితే చూపు పైకప్పుకు పోతుంది. కింద కూర్చున్న పిల్లల్ని చూడాలంటే చూపుడు వేలు కాస్త ముందుకు వంచాలి.

బుట్టలో లడ్డూ లేదని కోతికి తెలిసిందనుకోండి. వెంటనే ఏడిపించకూడదు. ముక్కు బుట్ట వైపు తిప్పి ఒక్క క్షణం ఆపాలి. మెల్లగా తలెత్తి పిల్లల్ని చూడాలి. మళ్లీ బుట్టలోకి. అప్పుడు ఊపిరి పీల్చినట్టు కొద్దిగా పైకి లేచి, నెమ్మదిగా ముందుకు వాలాలి, ఆఖర్న చేతులు ముఖం మీదికి. వెక్కిళ్లకు రెండు చిన్న కుదుపులు చాలు. వేగం పెరిగిందా, నవ్వులా కనిపిస్తుంది. కోపమైతే బిగుసుకుని నిలబడి, తల ఒక్కసారిగా తిరగాలి. ముసలి కోతికి ఇవే సగం వేగంతో. రెండో బొమ్మ ఉంటే, మాట్లాడే బొమ్మే కదలాలి, రెండోది దాన్నే చూస్తూ ఉండాలి.

రోజూ పది నిమిషాలు అద్దం ముందు సాధన చేసి, ఫోన్‌లో వీడియో తీసి శబ్దం ఆపి చూడమనండి. కథ తెలియని మీరు భావం చెప్పగలిగితే సరే.

బతుకుతెరువంటారా, దీని కోసం డిగ్రీ మాత్రం మాన్పించకండి. ప్రదర్శనల మీదే నెల గడవడం కష్టం. నా సలహా, బి.ఎడ్. చేయించండి. టీచర్ ఉద్యోగంలో చేరాక ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ ఉపాధ్యాయులకు బోధనలో బొమ్మలాట మీద శిక్షణ ఇస్తుంది. రంగస్థలమే కావాలంటే, డిగ్రీ అయ్యాక పావకథకళిని తిరిగి నిలబెట్టిన కేరళ ఇరింజాలకుడలోని నటనకైరళి సంస్థకు రాసి, నేర్పుతారేమో అడగమనండి.