గ్రీన్ సిటీలు ప్లాన్ చేయాలంటే సివిల్‌లోనే చేరాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. 2024 సెప్టెంబర్‌లో మున్నేరు పొంగి కాలనీలు మునిగినప్పటి నుంచి ‘ఊళ్లు ఇలా మునగకుండా, పర్యావరణం పాడవకుండా నగరాలు ప్లాన్ చేసే చదువు చదువుతా’ అంటోంది. చుట్టాలేమో సీఎస్‌ఈ, కాదంటే సివిల్ అంటున్నారు. అసలు దీనికంటూ కోర్సు ఉందా? ఉద్యోగాలుంటాయా?

జవాబు: కోర్సు ఉందండీ. బీ.ప్లాన్ (బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్) అంటారు, నాలుగేళ్లు. విజయవాడ, ఢిల్లీ, భోపాల్‌లలో ఉన్న స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లలో సీటు కావాలంటే జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాయాలి, సబ్జెక్టుల పరంగా ఇంటర్‌లో మ్యాథ్స్ ఉంటే చాలు, అడ్వాన్స్‌డ్ అక్కర్లేదు. బీఆర్క్ వాళ్ల పేపర్‌లోలాగా ఇందులో బొమ్మలు గీయమని కూడా అడగరు. ఇక హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో ప్లానింగ్ బ్రాంచి ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకుతోనే వస్తుంది. ఆప్షన్లు పెట్టేటప్పుడు అందరి కళ్లూ సీఎస్‌ఈ దగ్గరే ఆగిపోతాయి కాబట్టి ఎవరికీ కనిపించదు, అంతే.

సివిల్ తప్పని అనను. కానీ ఈ రెండు చదువులు అడిగే ప్రశ్నలు వేరు. మన హైదరాబాద్‌నే చూడండి. 1908లో మూసీ వరద ఊరిని ఊడ్చేస్తే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆ తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. అది ఇంజినీరింగ్. ఆ చెరువుల్లోకి నీళ్లొచ్చే ప్రాంతంలో ఇష్టం వచ్చినట్టు కట్టకూడదని 1996లో 111 జీవో తెచ్చారు చూడండీ, అది ప్లానింగ్. ఎత్తేయాలా ఉంచాలా అని ఆ జీవో మీద ఏళ్లుగా గొడవే, ఎందుకంటే అక్కడ ఎకరం రేటు ఎంతో మీకూ తెలుసు. నాలాలు కబ్జా అయి, చెరువులు పూడిపోయి, 2020 అక్టోబర్‌లో మళ్లీ కాలనీలు మునిగాయి. కాలువ ఎలా కట్టాలో సివిల్ నేర్పుతుంది, ఎక్కడ ఇల్లు లేవకూడదో, బస్సు ఎటు తిరగాలో, చెట్లకు ఎంత జాగా వదలాలో ప్లానింగ్ నేర్పుతుంది. మీ అమ్మాయి మాటలు చూస్తే ఆమె అడుగుతున్నది ఈ రెండోదే.

ఇప్పుడే తేల్చుకోలేకపోతే, సివిల్ చేసి, పీజీ ప్రవేశ పరీక్ష గేట్ రాసి, ప్లానింగ్‌లో పీజీ అయిన ఎం.ప్లాన్‌కి వెళ్లొచ్చు. విజయవాడలో ఎన్విరాన్‌మెంటల్ ప్లానింగ్‌లోనూ, ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్‌లోనూ పీజీ ఉంది. రెండు దారులూ తెరిచి ఉంటాయని చాలామంది దీనికే మొగ్గుతారు. మనసు గట్టిగా ఉన్న పిల్లకైతే నేరుగా బీ.ప్లానే నయమని నా అభిప్రాయం, నాలుగేళ్లు ఇష్టం లేని కాంక్రీటు లెక్కలు చేయించి ఆ తర్వాత ఇష్టమైనది చదవమనడం ఎందుకు?

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. ప్రభుత్వంలో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), సీఆర్‌డీఏ (అమరావతి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ), డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ), మున్సిపాలిటీల టౌన్‌ప్లానింగ్ విభాగాలు ఉన్నాయి, అయితే నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. పైగా అక్కడ రోజులో సగం లేఔట్ ఫైళ్లు, బిల్డింగ్ పర్మిషన్లు, ఫోన్లలో వచ్చే ఒత్తిళ్లు, ఇవే. మాస్టర్ ప్లాన్లు తయారుచేసే కన్సల్టెన్సీలు, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, వాటి సమాచారం విశ్లేషించే పద్ధతి) పనులు, గ్రీన్ బిల్డింగ్ రంగం ప్రైవేటులో దారులు. గ్రీన్ బిల్డింగులకు రేటింగ్ ఇచ్చే ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. నగరాల్లో ఎండ వేడి తగ్గించే పని కూడా ఇందులోకే వస్తోంది, తెలంగాణ 2023లో కూల్ రూఫ్ (వేడిని తిప్పికొట్టే పైకప్పుల) పాలసీ తెచ్చింది. మొదట్లో జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ వాళ్లంత ఉండదు. పక్కింటి అబ్బాయి ప్యాకేజీతో పోల్చి అమ్మాయికి టెన్షన్ పెట్టేటట్టయితే ఇప్పుడే ఆగండి.

ఇంకో జాగ్రత్త. కొన్ని ప్రైవేటు కాలేజీలు ‘స్మార్ట్’, ‘సస్టైనబుల్’ అని కోర్సుకు పేరు తగిలించి ఫీజు గుంజుతాయి. ఆ కోర్సుకు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్ ఇండియా గుర్తింపు ఉందో లేదో అడగండి. సిలబస్‌లో భూ వినియోగం, రవాణా, జీఐఎస్ లేకపోతే ఆ పేరుతో మీకు పనిలేదు.

అమ్మాయికి ఇది నిజంగా పడుతుందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్, ఇస్రో వాళ్ల భువన్ సైట్‌లో మ్యాపులు దొరుకుతాయి. మున్నేరు ఒడ్డున ఏ కాలనీలు మునిగాయో, నీళ్లు ఎటు నుంచి వచ్చాయో గుర్తులు పెట్టమనండి. మీరు గుర్తుచేయకుండానే మళ్లీ మళ్లీ వెళ్లి దాని ముందు కూర్చుంటుంటే ఇక నన్ను అడగనక్కర్లేదు. జేఈఈ ఫారం నింపేటప్పుడు మాత్రం పేపర్ 2బి విడిగా ఎంచుకోవాలి, పేపర్ 1 ఒక్కటే టిక్ పెట్టి బీ.ప్లాన్ కూడా అందులోనే వస్తుందనుకోకండి.