పార్తేనియా బిషప్ అంటే ఎక్కడి బిషప్?

ఫ్రెంచ్ కాథలిక్ బిషప్ జాక్ గయో పేరు పక్కన ఒకచోట ఎవ్రూ, ఇంకోచోట పార్తేనియా అని ఉందని, ఏది తప్పో తేలట్లేదని అడిగారు. టెన్షన్ వద్దు, రెండూ సరైనవే.

1982లో ఆయన ఫ్రాన్స్‌లోని ఎవ్రూకు బిషప్ అయ్యారు. 1995 జనవరిలో రోమ్ (అంటే వాటికన్) ఆయన్ను అక్కడి నుంచి తప్పించి పార్తేనియాకు మార్చింది. ఇది ఇప్పటి అల్జీరియాలో, సెతీఫ్ వైపు ఉండేది. 484లో అప్పట్లో ఉత్తర ఆఫ్రికాను ఏలిన వాండల్ తెగ రాజు హునెరిక్ కార్తేజ్ నగరానికి పిలిపించిన బిషప్పుల జాబితాలో ఇక్కడి బిషప్ రొగాటస్ పేరుంది. తర్వాత ఊరూ పోయింది, చర్చీ పోయింది. పేరొక్కటే రోమ్ రికార్డుల్లో మిగిలింది.

బిషప్ అన్నాక ఏదో ఒక పీఠం, అంటే ఆయన బాధ్యతలో ఉండే ప్రాంతం, ఉండాలన్నది పాత పద్ధతి. అందుకే సహాయ బిషప్పులకు, పోప్ రాయబారులకు ఇలాంటి అంతరించిన పీఠాలు ఇస్తారు. 1882 దాకా ‘అవిశ్వాసుల ప్రాంతాల్లోని’ బిషప్పులు అనేవారు, ఆ తర్వాత టైటులర్ బిషప్పులు అన్నారు. హోదా ఉంటుంది, పాలించడానికి అక్కడ జనమే ఉండరు.

గయోను మూల కూర్చోబెట్టడానికే అలా చేశారని నాకనిపిస్తుంది. ఆయన మాత్రం ఆ పేరుతోనే ఇంటర్నెట్‌లో సరిహద్దుల్లేని డయాసిస్ (బిషప్ పరిధి) తెరిచారు!

మీ పట్టికలో 1995 దాకా ఎవ్రూ, అక్కణ్నుంచి 2023లో చనిపోయేవరకు పార్తేనియా (టైటులర్) అని రాసుకోండి.