పై బెర్తా, కింది బెర్తా? రాత్రి బస్సుల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాత్రి బస్సుల గురించే. ఒకే ప్రశ్న పదిమంది అడిగిన చోట ఒకరిదే వేశాం, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

మా అమ్మాయి బెంగళూరులో పనిచేస్తుంది. పండగలకీ లాంగ్ వీకెండ్‌లకీ రాత్రి స్లీపర్ బస్సులోనే వస్తుంది, రైలు టికెట్ ఎప్పుడు చూసినా వెయిటింగ్ లిస్టే. కర్నూలు దగ్గర బస్సు కాలిపోయినప్పటి నుంచి అది బస్సెక్కిందంటే నాకు తెల్లవార్లూ టెన్షన్. ఈ రెండంతస్తుల బస్సులు అసలు ఎక్కొచ్చా? ఎక్కితే పైన పడుకోవాలా, కిందా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

ఎక్కొద్దని చెప్పేసి ఊరుకోవడం నాకు తేలికే అమ్మా, కానీ వచ్చే పండక్కి అమ్మాయి మళ్లీ అదే బస్సు ఎక్కుతుంది, ఆ సంగతి మీకూ తెలుసు. కాబట్టి అసలు భయపడాల్సింది దేనికో చూద్దాం.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గరి చిన్న టేకూరులో ఏం జరిగింది? హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు, అప్పటికే ప్రమాదం జరిగి రోడ్డు మీద పడి ఉన్న బైక్‌ను ఈడ్చుకుంటూ పోయింది, మంటలు లేచాయి, బస్సులోని 19 మంది చనిపోయారు. దానికి పది రోజుల ముందు జైసల్మేర్ దగ్గర ఇంకో ఏసీ స్లీపర్ కాలిపోయింది. సరే, రెండూ స్లీపర్లే. కానీ 2013 అక్టోబర్ 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును కొట్టి, డీజిల్ ట్యాంకు పగిలి, 45 మందిని బలి తీసుకున్న బస్సులో బెర్తులు లేవు, అది మామూలు సీట్ల బస్సు. అందుకే నేను అనేది, రెండంతస్తులు అన్నది సగం సమస్యే. మంట అంటుకున్నాక నిమిషం రెండు నిమిషాల్లో బయటపడే దారి ఉందా అన్నది మిగతా సగం, నన్నడిగితే అదే పెద్ద సగం.

స్లీపర్‌లో ఆ దారే ఇరుకు. చట్టం లెక్కలో మన స్లీపర్ డబుల్ డెక్కర్ కాదు. డబుల్ డెక్కర్‌కి కేంద్ర మోటారు వాహన నిబంధనలు 4.75 మీటర్ల ఎత్తు దాకా ఒప్పుకుంటాయి, స్లీపర్ మాత్రం మామూలు బస్సు ఎత్తులోనే రెండు వరుసల బెర్తులు ఇరికించుకుంటుంది. పై బెర్త్‌లో నిటారుగా కూర్చోవడమే కష్టం. మధ్యలో దారి ఒక మనిషి పట్టేంత, ఎదురుగా ఇంకొకరు వస్తే పక్కకి తిరగాలి. దానికి తోడు పరదాలు, ఫోమ్ పరుపులు, ప్రతి బెర్త్‌కీ ఒక ఛార్జర్, లైటు, ఏసీ వెంటు. అందరూ నిద్రలో, చీకట్లో, చెప్పులు ఎక్కడున్నాయో తెలియకుండా. స్లీపర్ల కోసమే ఏఐఎస్-119 అని మనకో ప్రమాణం ఉంది, కాగితం మీద బాగానే ఉంటుంది. ఛాసిస్ కొని ఎక్కడో షెడ్డులో బాడీ కట్టించి, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేతికొచ్చాక లోపల ఇంకో బెర్త్ దూర్చి, ఎమర్జెన్సీ డోర్‌కి అడ్డంగా పరుపు వేసేవాళ్లని ఆ కాగితం ఆపలేదు. చైనా ఈ గొడవంతా పడలేక 2012లో కొత్త స్లీపర్ బస్సులనే ఆపేసింది. మనం ఆపాలా అంటే, ప్రత్యామ్నాయంగా రైళ్లు పెంచకుండా ఆపితే జనం సుమోల్లో పడి పోతారు, అది ఇంకా ఘోరం.

ఇక బెర్త్ సంగతి. కిందిదే తీసుకోమనండి, అదీ బస్సు మధ్య భాగంలో. వేడి పొగ ముందు పైకే చేరుతుంది, పైనున్నవాళ్లకి లేచేసరికే ఊపిరాడదు. బోల్తా పడితే పైనుంచి పడేవాళ్లకే దెబ్బలు ఎక్కువ, పైగా చాలా బస్సుల్లో బెర్తులకి బెల్టు ఉండదు, ఉన్నా పరుపు కింద దూరి ఉంటుంది, అది బయటికి లాగి పెట్టుకోమనండి. మొదటి వరుసలో ఎదురు దెబ్బ తగులుతుంది, చాలా బస్సుల్లో చివరన ఇంజన్ ఉంటుంది. కాళ్లు డ్రైవర్ వైపు ఉండేలా పడుకోవాలి, సడెన్ బ్రేక్ పడితే తలకి బదులు కాళ్లు తగులుతాయి.

ఎక్కగానే ఫోన్ తీసే ముందు చూసుకోవాల్సింది ఎమర్జెన్సీ డోర్ ఎటువైపు ఉంది, దాని ముందు లగేజీ పడేశారా, అద్దం పగలగొట్టే సుత్తి తన బెర్త్‌కి ఎంత దూరం. అద్దం మధ్యలో కొడితే బిగుసుకుని ఉంటుంది, మూలన కొట్టాలి. పక్క అద్దాలు టఫెన్డ్ గ్లాసువి, గట్టిగా మూలన తగిలితే పొడిపొడిగా రాలతాయి. ముందు అద్దం లామినేటెడ్, దాన్ని సుత్తితో పగలగొట్టాలని టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. మెయిన్ డోర్ గాలితో పనిచేసేదైతే దాని పక్కనే ఎమర్జెన్సీ వాల్వ్ ఉంటుంది, అది తిప్పితే గాలి పోయి డోర్‌ని చేత్తో నెట్టొచ్చు. ఎక్కడుందో క్లీనర్‌ని అడగమనండి. అడిగితే నవ్వుతారని అమ్మాయి మొహమాటపడుతుందేమో, నవ్వనీయండి.

బస్సు నంబర్ మెసేజ్ వచ్చాక ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో మీరే ఇంట్లో కూర్చుని చూడొచ్చు. తెల్లవార్లూ మేలుకునే బదులు రాత్రి తొమ్మిదికి ఆ పని చేయండి.

ఆఫీసు పని మీద జర్మనీ వెళ్లినప్పుడు డబుల్ డెక్కర్ కోచ్‌లో ఊళ్లు తిరిగాను, పైన ముందు సీటు అదిరిపోయింది. హైదరాబాద్-విజయవాడ రూట్‌లో అలాంటివి వేస్తే ట్రాఫిక్ కూడా తగ్గుతుంది కదా? మనకెందుకు లేవు?
– ఐటీ ఉద్యోగి, కొండాపూర్

వ్యూ బాగుంటుంది, ఒప్పుకుంటాను. అక్కడ కూర్చుని వెళ్తారు, బెల్టు పెట్టుకుంటారు, బస్సుని రోడ్డెక్కించే ముందు పై అంతస్తులో బరువు నింపి 28 డిగ్రీలు పక్కకి వంచి పడిపోతుందా లేదా అని చూస్తారు. అంత చేసినా నెత్తిన బిందె పెట్టుకుని నడిచేవాళ్లలా మలుపుల్లో జాగ్రత్త తప్పదు. 2007 జనవరిలో లండన్ హీత్రూ దగ్గర మోటార్‌వే స్లిప్ రోడ్డు మలుపులో డబుల్ డెక్కర్ కోచ్ బోల్తా పడి ముగ్గురు చనిపోయారు, డ్రైవర్ వేగంగా నడిపాడని జైల్లో వేశారు. 2024 మార్చిలో మీరు తిరిగిన జర్మనీలోనే, లైప్‌జిగ్ దగ్గర, ఇంకోటి పడి నలుగురు పోయారు. 2010లో అమెరికాలోని సిరక్యూస్‌లో డ్రైవర్ దారి తప్పి, తన బస్సు ఎత్తు కన్నా తక్కువ ఉన్న రైల్వే బ్రిడ్జిని కొట్టాడు, అక్కడా నలుగురు. ఆ మూడోది మన దగ్గర ఎంత సులువుగా జరుగుతుందో ఆలోచించండి. రూట్ డైవర్షన్ అని రాత్రికి రాత్రి బోర్డు పెట్టి ఏ రైల్వే అండర్‌బ్రిడ్జి కిందికో పంపిస్తారు. రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ ఎదురొస్తే స్టీరింగ్ ఒక్కసారిగా కొట్టాలి, ఎత్తైన బస్సుకి సరిపడనిదే అది.

మన ఊళ్లో 2023 ఫిబ్రవరిలో హెచ్‌ఎండీఏ తెచ్చిన ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లని చూపించి ఇవి బాగానే ఉన్నాయి కదా అంటారేమో. ట్యాంక్‌బండ్ మీద సిటీ స్పీడ్‌లో తిరగడం వేరు, సూర్యాపేట దాటాక రాత్రి రెండింటికి వందలో పోవడం వేరు. రవాణా వాహనాల స్పీడ్ గవర్నర్‌కి 80 అని లిమిట్ ఉంది, అది పీకేసినవాడి చేతికి 4.75 మీటర్ల బస్సు ఇవ్వాలని నాకైతే లేదు.

నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. కింది బెర్తులు అయిపోయాయి. పై బెర్త్ బుక్ చేయమంటారా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

వద్దండీ. అర్ధరాత్రి బాత్రూమ్ కోసం దిగేటప్పుడే పడతారు, ప్రమాదం దాకా అక్కర్లేదు. ఎంజీబీఎస్ నుంచి పగటిపూట సీట్ల బస్సు చూడండి, పుష్‌బ్యాక్ ఉంటే చాలు.

మా షాపు నుంచి బ్యాటరీలు, ఫోన్లు రాత్రి బస్సులకే వేస్తాం, తెల్లారేసరికి చేరిపోతాయి. ఈమధ్య బస్సువాళ్లు ఏదేదో అడుగుతున్నారు, డిక్కీలో పెట్టే పార్సిల్‌కి పైనున్న ప్యాసింజర్లకి సంబంధం ఏమిటి?
– వ్యాపారి, కోఠి

సంబంధం ఒక రేకు మందం అన్నగారూ. చిన్న టేకూరు బస్సులో కూడా సెల్‌ఫోన్ల పార్సిల్ ఉందని వార్తల్లో వచ్చింది. లిథియం బ్యాటరీ ఒకసారి అంటుకుంటే పక్కదాన్నీ అంటిస్తుంది, బస్సులో ఉండే చిన్న సిలిండర్‌తో అది ఆరదు. పైన నలభై మంది పడుకుని ఉంటారు. అడుగుతున్నారంటే ఇన్నాళ్లకి బుద్ధి వచ్చిందనుకోండి. సరుకు లారీలో వేయండి, ఒకరోజు లేటైతే అవుతుంది.

డ్రైవర్ ఫోన్ చూస్తూ నడుపుతున్నాడు. చెబితే 'నీకు తెలుసా నాకు తెలుసా' అన్నాడు. ఆ రాత్రిపూట ఎవరికి చెప్పాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, నిజాంపేట

ముందు లోపలే. ఒక్కడివే వెళ్తే గదమాయిస్తాడు తమ్ముడూ, ఇద్దరు పెద్దవాళ్లని లేపి కలిసి వెళ్లు, సెకండ్ డ్రైవర్‌ని స్టీరింగ్ తీసుకోమని అడగండి. డ్రైవర్లకి రోజుకి ఎనిమిది గంటల పని అని 1961 నాటి చట్టం నుంచే ఉంది, కాబట్టి రెండో మనిషి ఉన్నాడా లేడా అన్నది ఎక్కేటప్పుడే అడగడం మేలు. లేడన్నాడో, కళ్లు ఎర్రగా ఉన్నాయో, దాబా దగ్గర ఆపినప్పుడు అందరూ కలిసి అరగంట పడుకోనివ్వండి, ఆలస్యమైందని గొడవ చేసేవాళ్లని మీరే ఆపండి. మాట వినకపోతే 112కి ఫోన్ చెయ్యి. నేషనల్ హైవే మీద ఉంటే 1033 కూడా పనిచేస్తుంది. బస్సు నంబర్, దాటిన టోల్‌గేట్ పేరు చెప్పు, ఏ ఊరో తెలియకపోయినా దాన్నిబట్టి పట్టుకుంటారు.