పన్నెండు శాక్‌లవాడు, నాలుగు శాక్‌లవాడు

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు స్టాటిస్టిక్స్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కార్యాలయంలో విద్యార్థి సహాయకుడిగా పనిచేస్తూ, చదువు పూర్తయ్యాక వృత్తి జట్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్కౌట్, అంటే ఆటగాళ్లను తూచి జట్టుకు చెప్పేవాడు, అవుతానంటున్నాడు. వేసవికి ఒక బ్యాంకు డేటా విభాగంలో ఇంటర్న్‌షిప్ వస్తే వద్దంటున్నాడు. ఈ మధ్య ఇద్దరు డిఫెన్సివ్ లైన్ ఆటగాళ్ల మీద, అంటే ముందు వరుసలో నిలిచి ఎదుటి జట్టును అడ్డుకునేవాళ్ల మీద, నివేదిక రాశాడు. 12 శాక్‌లు చేసినవాడికంటే 4 చేసినవాడే పై స్థాయికి పనికొస్తాడని అందులో తేల్చాడు. లెక్కలు చదివినవాడు లెక్కనే కాదంటే ఎలా? ఇది ఉద్యోగమా, జోస్యమా? ఎప్పుడూ ఆ ఆట ఆడని మనవాడికి అక్కడ చోటుంటుందా? – ఒక తండ్రి

జవాబు: ఆ ఇద్దరు కుర్రాళ్ల ఆట నేను చూడలేదు కనుక మీవాడి తీర్పు సరైనదో కాదో చెప్పలేను. అయితే 12 కంటే 4 మేలని రాయడంలో మీరనుకున్నంత వింత లేదు. శాక్‌ల సంఖ్య ఎవరైనా ఫోనులో చూసుకోవచ్చు. ఆ సంఖ్య ఎలా వచ్చింది, ఇంతకంటే బలమైన ప్రత్యర్థుల మీద మళ్లీ వస్తుందా అన్నది చెప్పగలిగినవాడికే జట్లు జీతమిస్తాయి.

క్వార్టర్‌బ్యాక్, అంటే దాడి నడిపిస్తూ బంతి విసిరేవాడు, దాన్ని విసిరేలోపే అతన్ని పడగొడితే అది శాక్. కబడ్డీలో రైడర్‌ను నలుగురు కలిసి పట్టినా ట్యాకిల్ పాయింటు ఒకరి ఖాతాలోనే పడుతుంది కదా, ఇదీ అలాంటిదే. ఇద్దరికి సగం సగం పంచే పద్ధతి ఉన్నా, దారి మూసినవాడి పేరు పుస్తకంలోకి ఎక్కదు.

ఒక సందర్భం ఊహించుకోండి. మూడో డౌన్, అంటే 10 గజాలు ముందుకు పోవడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది. ఇంకా 8 గజాలు కావాలి. బంతి విసురుతారని మైదానంలో అందరికీ తెలుసు. బంతి కదలగానే చివరన నిలబడ్డ మన కుర్రాడు వెడల్పుగా చుట్టు తిరిగి పరుగెత్తాడు. క్వార్టర్‌బ్యాక్‌కు కాపలా కాసే వరుసలో చివరివాడైన ఎదుటి ట్యాకిల్ అతన్ని ఒక్క తోపు తోసి క్వార్టర్‌బ్యాక్ వెనకనుంచి దాటించేశాడు. నిజానికి అక్కడితో అతని పని అయిపోయింది. కానీ లోపలి వైపునుంచి మన జట్టువాడే మరొకడు, ఆ కాపలా వరుసలో ట్యాకిల్ పక్కన నిలబడే గార్డును వెనక్కి నెట్టుకుంటూ రావడంతో క్వార్టర్‌బ్యాక్‌కు ముందడుగు వేసే చోటు లేకపోయింది. బంతి పట్టుకుని నాలుగు సెకన్లు తచ్చాడి, పక్కకు పరుగెత్తి, నేరుగా మొదటివాడి చేతుల్లోకి వచ్చిపడ్డాడు. శాక్ మొదటివాడిది. గార్డును నెట్టినవాడికి పుస్తకంలో ఏమీ లేదు.

ఇప్పుడు ఆ రెండోవాడి మీదే కన్నుంచి అదే దృశ్యాన్ని మళ్లీ చూడండి. బంతి కదిలిన క్షణంలో మిగతా ముగ్గురి కంటే ముందే అతని పాదం లేచింది. దీన్నే గెట్-ఆఫ్ అంటారు. గార్డు చేతులు తన ఛాతీని అందుకోకముందే వాటిని పక్కకు కొట్టాడు. భుజాలు అవతలివాడి భుజాలకంటే కిందనే ఉన్నాయి. స్కౌట్లు ప్యాడ్ లెవెల్ అనేది దీన్నే. మొదటి ఎత్తు పారకపోతే వెంటనే వేసే రెండో ఎత్తు ఉందా? ఇద్దరు కలిసి మీద పడితే నిలబడ్డాడా, పక్కకు తిరిగిపోయాడా? నాలుగో క్వార్టర్‌లోనూ మొదటి క్వార్టర్‌లోలాగే కదిలాడా? మీవాడు గంటలకొద్దీ వెతికేది వీటినే. టీవీ ప్రసారంలో కెమెరా బంతి వెంట పోతుంది కనుక ఇవేవీ సరిగా కనబడవు. గోల్ రేఖ వెనక ఎత్తునుంచి తీసిన జట్టు వీడియో కావాలి. మీవాడు ఒకే ముక్కను పదిసార్లు వెనక్కి తిప్పి చూస్తుంటే కాలక్షేపం అనుకోకండి.

ఈ పనిని అంకెల్లో పట్టే ప్రయత్నాలూ ఉన్నాయి. బంతి కదిలాక 2.5 సెకన్లలోపు ఎదుటివాడి అడ్డును దాటగలిగాడా లేదా అన్నది ఈఎస్‌పీఎన్ లెక్కగడుతుంది. శాక్ వచ్చిందా అన్న దానితో దానికి పనిలేదు. అంటే మీ అబ్బాయి లెక్కను కాదనలేదు, మరో లెక్కను ఎంచుకున్నాడు.

పైగా లైన్‌లో అందరి పనీ ఒకటి కాదు. 2021లో జార్జియా విశ్వవిద్యాలయం తరఫున మధ్యలో ఆడిన జోర్డన్ డేవిస్ ఆ ఏడాది చేసింది 2 శాక్‌లే. ఇద్దరిని తన మీదకు లాక్కుని వెనకున్న లైన్‌బ్యాకర్లకు దారి చేయడం అతని పని. తర్వాతి ఏడాది, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను పరీక్షించే కంబైన్‌లో 341 పౌన్ల, అంటే సుమారు 155 కిలోల మనిషి 40 గజాలను 4.78 సెకన్లలో పరుగెత్తితే చూసినవాళ్లు నోళ్లు తెరిచారు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఈగల్స్ జట్టు అతన్ని 13వ ఎంపికగా తీసుకుంది. ఆ ఒక్క లైన్‌నుంచే ముగ్గురు అదే డ్రాఫ్ట్ తొలి రౌండులో వెళ్లారు. అలాంటి లైన్‌లో ఎవరి గొప్ప ఎవరిదో విడదీయడం ఎంత కష్టమో ఆలోచించండి.

కంబైన్ గురించి మీలాంటి తల్లిదండ్రులు తప్పక అడుగుతారు. ఫిబ్రవరి చివర ఇండియానాపొలిస్‌లో మూడు వందల మందికి పైగా ఆటగాళ్లను పిలిచి కొలతలు తీస్తారు, పరుగెత్తిస్తారు, 225 పౌన్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కిస్తారు. మనవాళ్లకు ఇదొక ఎంట్రన్స్ పరీక్షలా కనిపిస్తుంది. నిజానికి అది మొదలైంది జట్ల వైద్యులు అందరినీ ఒకేచోట పరీక్షించుకునేందుకు. జట్లకు ఇప్పటికీ దాని వల్ల పెద్ద లాభం అదేనని నా అభిప్రాయం. 2018లో మిషిగన్ ఆటగాడు మారిస్ హర్స్ట్‌ను వైద్య పరీక్షలో గుండె విషయం తేలడంతో ఇంటికి పంపారు. తొలి రౌండు ఆటగాడని చాలామంది అనుకున్నవాడు ఐదో రౌండులో వెళ్లాడు.

కొలతలను మాత్రమే నమ్మితే ఏమవుతుందో చెప్పేందుకు వర్నన్ గోల్‌స్టన్ పేరు ఇప్పటికీ తలుస్తారు. ఒహాయో స్టేట్‌లో 2007లో 14 శాక్‌లు చేశాడు, కంబైన్‌లో ఆ 225 పౌన్ల బరువును 37 సార్లు ఎత్తాడు. అంకెలూ ఉన్నాయి, కండలూ ఉన్నాయి. 2008లో జెట్స్ జట్టు 6వ ఎంపికగా తీసుకుంది. మూడు సీజన్లు, 45 మ్యాచ్‌లు, ఒక్క శాక్ లేదు. నేలమీద చేయి ఆనించి మొదలుపెట్టే ఆటగాణ్ని నిలబడి ఆడే చోటుకు మార్చడం కూడా అందులో ఒక పాత్ర వహించింది. స్కౌట్ నివేదికలో మా పద్ధతిలో ఇతను ఎక్కడ నిలబడతాడు అన్న వాక్యానికి అందుకే అంత విలువ.

టెరెల్ సగ్స్‌ది దీనికి సరిగ్గా తలకిందుల కథ. 2002లో అరిజోనా స్టేట్ తరఫున 24 శాక్‌లతో కాలేజీ రికార్డు సృష్టించాడు. డ్రాఫ్ట్‌కు ముందు 40 గజాలు పరుగెత్తడానికి 4.8 సెకన్లకు పైగా తీసుకుంటే చాలామంది ముఖం చిట్లించారు. 10వ ఎంపికగా రావెన్స్ తీసుకుంది. చివరికి 139 శాక్‌లతో ఆట ముగించాడు. అతన్ని తీసుకునేనాటికి వయసు 20 ఏళ్లే. స్కౌట్లు కాని వాళ్లు దాదాపు ఎప్పుడూ పట్టించుకోని విషయం ఇదే. కోవిడ్ కారణంగా 2020 సీజన్‌కు బదులు కాలేజీ ఆటగాళ్లకు ఇచ్చిన అదనపు ఏడాది వల్ల కొన్నేళ్లపాటు 23, 24 ఏళ్లవాళ్లు 19 ఏళ్ల కుర్రాళ్లతో తలపడ్డారు. ఎదిగిన మనిషి పసివాడిని తోసేస్తే అందులో ప్రతిభ ఎంత, వయసు ఎంత? ఆ 12 శాక్‌లవాడి వయసెంతో మీ అబ్బాయిని అడిగి చూడండి. ఏ జట్ల మీద వచ్చాయో కూడా అడగండి. బలహీనమైన రెండు జట్ల మీదే సగం వచ్చి ఉంటే నాకూ అనుమానమే.

శరీరం చిన్నదని పక్కన పెట్టినా ప్రమాదమే. ఆరోన్ డొనాల్డ్‌ది ఆరడుగుల ఒక అంగుళం లోపు ఎత్తు, 285 పౌన్లు. లోపలి లైన్‌కు చిన్నవాడన్నారు. కానీ పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చివరి ఏడాది వీడియో, అలబామాలోని మొబైల్‌లో చివరి ఏడాది కాలేజీ ఆటగాళ్లకు జరిగే ప్రదర్శన మ్యాచ్ సీనియర్ బౌల్ సాధనలో ఒకరితో ఒకరు తలపడే పోటీలు, కంబైన్‌లో 4.68 సెకన్ల పరుగు, మూడూ ఒకే మాట చెప్పాయి. అయినా 2014లో అతనికంటే ముందు 12 మంది వెళ్లారు. తర్వాత మూడుసార్లు ఎన్‌ఎఫ్‌ఎల్ ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడయ్యాడు. పెద్ద విశ్వవిద్యాలయాల వెలుగులో లేని ఈస్టర్న్ మిషిగన్‌నుంచి వచ్చిన మ్యాక్స్ క్రాస్‌బీ 2019లో 106వ ఎంపిక. తొలి ఏడాదే 10 శాక్‌లు చేశాడు.

మీ ఇంట్లో జరుగుతున్న వాదన 2022లో ఒక జట్టు యాజమాన్యంలోనే జరిగింది. మొదటి ఎంపిక జాగ్వార్స్‌ది. మిషిగన్ కుర్రాడు ఐడన్ హచిన్సన్‌కు 14 శాక్‌లు. జార్జియా కుర్రాడు ట్రవాన్ వాకర్‌కు 6. వాకర్ 272 పౌన్ల బరువుతో 40 గజాలను 4.51 సెకన్లలో పరుగెత్తాడు, చేతుల పొడవు 35 అంగుళాల పైనే. హచిన్సన్ చేతులు 32 అంగుళాలు మాత్రమే దాటాయి. చేయి పొడవైతే ఎదుటివాడు నిన్ను అందుకోకముందే నువ్వు అతన్ని అందుకుంటావు. జాగ్వార్స్ వాకర్‌నే తీసుకుంది. 2023లో వాకర్‌కు 10 శాక్‌లు వచ్చాయి, రెండో ఎంపికగా లయన్స్‌కు వెళ్లిన హచిన్సన్‌కు 11.5. నన్నడిగితే హచిన్సన్ అనే అంటాను. కానీ వాకర్‌ను ఎంచుకున్నవాళ్లను మూర్ఖులనలేం. మీ అబ్బాయి వేసిన పందెం అలాంటిదే. పేరున్న జట్లే వేసే పందెం అది.

ఇక ఉద్యోగం సంగతి. ఉద్యోగమే, కానీ సుఖమైనది కాదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు. స్కౌటింగ్ అసిస్టెంట్‌గా మొదలై కొన్ని రాష్ట్రాలు చూసుకునే ఏరియా స్కౌట్ కావాలి. జట్లు చందా కట్టి నడిపించే నేషనల్, బ్లెస్టో అనే రెండు స్కౌటింగ్ సంస్థల్లోనూ కొత్తవాళ్లు మొదలుపెడుతుంటారు. ఆగస్టునుంచి నవంబరు దాకా కారులో, హోటళ్లలో బతుకు. మొదటి జీతం ఆ బ్యాంకు ఇచ్చేదానికి దరిదాపుల్లో ఉండదు. జనరల్ మేనేజర్ మారితే అతని మనుషులూ మారతారు. ఇవన్నీ మీవాడికి తెలిసే ఉంటాయి, మీరు కూడా ఒప్పుకుని అప్పుడు మాట్లాడండి.

ఈ మధ్య తెరుచుకున్న మరో తలుపు కాలేజీ జట్లే. 2025 జూలైనుంచి విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు నేరుగా ఆదాయంలో వాటా ఇవ్వవచ్చు. తొలి ఏడాది పరిమితి విశ్వవిద్యాలయానికి సుమారు 2.05 కోట్ల డాలర్లు. డబ్బు పంచాల్సి వచ్చినప్పుడు ఎవరికెంత అని లెక్కగట్టేవాడు కావాలి. ఒక కాలేజీనుంచి మరో కాలేజీకి మారే ఆటగాళ్లను చకచకా తూచేవాడూ కావాలి. కాలేజీ జట్లకూ ఇప్పుడు జనరల్ మేనేజర్లు ఉన్నారు. ఒకప్పటి క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ 2024లో స్టాన్‌ఫర్డ్‌లో ఆ పదవిలో చేరాడు. మీ అబ్బాయి కూర్చున్న కుర్చీకి ఈ దారి చాలా దగ్గర.

ఆట ఆడకపోవడం లోటే, కాదనను. కోచ్ కావడానికి పెద్ద లోటు, స్కౌట్‌కు కొంత తక్కువ, గణాంక విభాగానికి ఇంకా తక్కువ. 2022లో వైకింగ్స్ జనరల్ మేనేజర్ అయిన క్వెసీ అడోఫో-మెన్సా అంతకుముందు సరుకుల మార్కెట్‌లో ట్రేడర్, ఆపై 49యర్స్‌లో పరిశోధన విభాగం మనిషి. కాలేజీలో ఆడింది బాస్కెట్‌బాల్. భారతీయ మూలాలున్న సంజయ్ లాల్ ఏళ్ల తరబడి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కోచ్‌గా ఉన్నారు, మీ ఊళ్లోనే కార్యాలయమున్న కౌబాయ్స్‌లోనూ పనిచేశారు. ఈ ఇద్దరినీ చూపించి దారి సులువని చెప్పను. తలుపు మూసి లేదని మాత్రం చెప్పగలను.

కాబట్టి మీవాడు గణాంకాల తలుపులోంచి వెళ్లి వీడియో గదిలో చోటు సంపాదించుకోవాలి. బ్యాంకు ఇంటర్న్‌షిప్ వద్దనడం నాకు నచ్చలేదు. వేసవిలో మ్యాచ్‌లు ఉండవు. జూన్‌లో హైస్కూలు పిల్లల క్యాంపులు మాత్రం తప్పిపోతాయి, అంతే. అక్కడ నేర్చుకున్న డేటా పని ఇక్కడ అచ్చంగా పనికొస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా నిర్వహించే బిగ్ డేటా బౌల్ పోటీ 2023లో సరిగ్గా ఈ విషయం మీదే పెట్టారు. పాస్ ఆటల్లో రెండు వైపుల లైన్ ఆటగాళ్లను ఎలా తూచాలి అన్నది అంశం. భుజాల ప్యాడ్లలో అమర్చిన చిప్‌లనుంచి సెకనుకు పదిసార్లు నమోదైన కదలికల సమాచారాన్ని పోటీదారులకు ఇచ్చారు. గెలిచినవాళ్ల పనిని చదివి, తన ఇద్దరు కుర్రాళ్ల మీద ఏం రాయగలడో చూడమనండి.

మీరు చేయాల్సింది ఒకటుంది. ఆ నివేదిక అడిగి తీసుకుని చదవండి. ఆట తెలియకపోయినా ఫరవాలేదు. ప్రతి వాక్యం పక్కన ఏ మ్యాచ్, ఏ క్వార్టర్ అని ఉందో లేదో చూడండి. మోటార్, అంటే అలుపెరగని శ్రమ, బాగుంది అని రాసి ఊరుకుంటే అది నింపుడు మాట. అలసిన నాలుగో క్వార్టర్‌లో ఇరవై గజాలు వెనక్కి పరుగెత్తి ఒకణ్ని పట్టుకున్నాడని రాస్తే అది సాక్ష్యం. తన తీర్పుకు ఎంత నమ్మకమో శాతంలో రాసి తేదీ వేయమనండి. మూడేళ్ల తర్వాత తీసి సరిచూసుకుంటే తన చూపు ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది. స్టాటిస్టిక్స్ చదివినవాడికి ఈ అలవాటు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇదే ప్రశ్న వీసా మీద చదువుకుంటున్న విద్యార్థి అడిగితే నా జవాబు వేరు. స్టాటిస్టిక్స్ పట్టా తర్వాత మూడేళ్ల ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, దొరుకుతుంది కానీ, మొదటి మెట్టు స్కౌటింగ్ ఉద్యోగానికి ఏ జట్టో హెచ్1బీ ఉద్యోగ వీసా పెడుతుందని కూర్చోవడం సాహసం. మీవాడు అమెరికా పౌరుడు కాబట్టి ఆ గొడవ లేదు.

డ్రాఫ్ట్ ఏప్రిల్ చివర జరుగుతుంది. స్కౌట్ల ఒప్పందాలు చాలావరకు ఆ తర్వాతే ముగుస్తాయి, ఖాళీలు మే నెలలో కనబడతాయి. చివరి ఏడాది ఏప్రిల్‌కల్లా మూడు మంచి నివేదికలు, ఒక డేటా ప్రాజెక్టు సిద్ధంగా ఉంచుకుని, ఇప్పుడు తాను పనిచేస్తున్న కార్యాలయంలోని పెద్దవారితో ఒక ఫోను చేయించుకోమనండి. ఈ రంగంలో దరఖాస్తు కంటే ఆ ఫోనే ముందు చేరుతుంది.