సర్వర్ తీసేస్తే పెట్టిన 62 వేలు వేస్టేనా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. 2020 లాక్‌డౌన్‌లో సరదాకి ఇంట్లోనే సర్వర్ (ఫైళ్లు దాచుకోడానికి రాత్రీ పగలూ నడిచే కంప్యూటర్) పెట్టుకున్నా, అన్నీ కలిపి 62 వేలైంది. ఫైళ్లు దాచే నెక్స్ట్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫొటోలు, స్కాన్ చేసిన ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, ఎల్ఐసీ బాండ్లు కలిపి 1.1 టీబీ, సినిమాలు చూపించే జెల్లీఫిన్‌లో సినిమాలు ఇంకో 2 టీబీ. ఇప్పుడు ఒక డిస్కు మొరాయిస్తోంది, నాకూ ఓపిక తగ్గింది. గూగుల్ వన్‌కి (గూగుల్ డబ్బు తీసుకుని ఇచ్చే ఆన్‌లైన్ స్టోరేజ్) వెళ్దామంటే జీవితాంతం అద్దె కట్టాలి, సర్వర్‌కైతే నెలనెలా ఖర్చేం లేదు. ఏం చేయమంటారు? (కరెంటు బిల్లు జత చేశా, ప్లగ్ మీటర్‌లో సర్వర్ 85 వాట్లు చూపిస్తోంది.)

జవాబు: ముందు ఆ 62 వేల సంగతి వదిలేయండి సార్. అవి 2020లోనే అయిపోయాయి, సర్వర్ ఉంచినా రావు, తీసేసినా రావు. పడిపోయిన షేర్‌ని "కొన్న రేటు వచ్చాకే అమ్ముతా" అని పదేళ్లు పట్టుకు కూర్చునేవాళ్లని నేను రోజూ చూస్తుంటాను, ఇదీ అదే జబ్బు. ఇకమీదట ఎంత పెట్టాలి అన్నదొక్కటే చూడాలి.

నెలనెలా ఖర్చేం లేదన్నారు, కానీ మీరు పంపిన బిల్లులోనే ఉంది. 85 వాట్లు రాత్రీ పగలూ నడిస్తే రోజుకి 2 యూనిట్లు, నెలకి 61. సగటు రేటు వేస్తే 400 రూపాయలే కదా అనిపిస్తుంది గానీ లెక్క అలా వేయకూడదు, ఎందుకంటే ఫ్రిజ్జూ ఫ్యాన్లూ ఎలాగూ తిరుగుతాయి, సర్వర్ ఆపితే తగ్గేది పై స్లాబ్‌లో పడే యూనిట్లే, మీ బిల్లులో 300 దాటిన దగ్గర్నుంచి యూనిట్ 9 రూపాయలు పడింది. అంటే ఎండాకాలంలో నెలకి 550. ఏసీ వేయని నెలల్లో కాస్త తగ్గుతుంది కాబట్టి ఏడాదికి 6 వేలు అనుకుందాం. గూగుల్ వన్ 2 టీబీ ప్లాన్ ఏడాదికి 6,500. అద్దె అని మీరు భయపడేది ఇప్పటికే కరెంటోళ్లకి కడుతున్నారన్నమాట! దీనిమీద ఐదారేళ్లకోసారి డిస్కులు, మధ్యలో యూపీఎస్ బ్యాటరీ, ఆదివారం పొద్దున్న అప్‌డేట్ చేసి మధ్యాహ్నం దాకా తల పట్టుకోవడం, అదైతే నేను లెక్కే కట్టలేదు.

సినిమాలు మాత్రం క్లౌడ్‌లోకి ఎక్కించకండి, దానికోసం పెద్ద ప్లాన్ తీసుకోవడం శుద్ధ దండగ. మళ్లీ దొరికేవాటికి అద్దె ఎందుకు? ఫొటోలూ కాగితాలూ 2 టీబీలో హాయిగా పడతాయి, ఫ్యామిలీలో ఇంకో ఐదుగురు కూడా వాడుకోవచ్చు, మీ నాన్నగారి ఫోన్ కూడా కలిపేయండి.

అద్దె గురించి మీ భయంలో నిజం లేకపోలేదు. గూగుల్ ఫొటోస్ అంతా ఫ్రీ అన్నారు, 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ఫొటోలని స్టోరేజ్ కోటాలో లెక్కపెట్టడం మొదలెట్టారు. రేపు రేటు పెంచితే బయటికి రాగలగాలి, అందుకే ఒక కాపీ ఇంట్లో ఉండాల్సిందే. బాగున్న డిస్కుని యూఎస్‌బీ కేసులో పెట్టుకుని, మూడు నెలలకోసారి కాపీ చేసి, ప్లగ్ పీకేసి బీరువాలో పెట్టండి. ప్లగ్ పీకడం ముఖ్యం. నాకూ ఒకప్పుడు ఇలాంటి డబ్బానే ఉండేది, రెండు డిస్కులు, ఒకదానికొకటి కాపీ, ఇంకేం ఢోకా లేదనుకున్నా, ఒక ఎండాకాలం కరెంటు పోయి వచ్చినప్పుడు ఓల్టేజ్ ఎగదన్ని రెండూ ఒకేసారి పోయాయి. మా అమ్మాయి అన్నప్రాసన వీడియో అందులోనే ఉంది. అది ముందు పెన్ను పట్టుకుందా, పుస్తకం పట్టుకుందా అని మా ఆవిడకీ నాకూ ఇప్పటికీ వాదనే.

డబ్బా అమ్మేయండి, ఎంతొస్తే అంత. డిస్కులు మాత్రం దాంతోపాటు ఇవ్వొద్దు, మీ ఆధార్లూ పాన్‌లూ అన్నీ అందులోనే ఉన్నాయి. గూగుల్ వన్‌కి ఆటోపే పెట్టిన కార్డు ఎక్స్‌పైరీ ఎప్పుడో చూసుకోండి, డబ్బు కట్టక కోటా దాటితే జీమెయిల్‌కి మెయిల్స్ రావడం కూడా ఆగిపోతుంది.

మీరు అడగలేదు గానీ నాకు అన్నిటికన్నా గుచ్చుకున్నది వేరే ఉంది. ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, ఎల్ఐసీ బాండ్లు స్కాన్ చేసి సర్వర్‌లో పెట్టానన్నారు. దానికి పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? రేపు మీరు వారం రోజులు హాస్పిటల్లో ఉంటే మీ ఆవిడ ఆ డబ్బాతో ఏం చేస్తారు? ఆ వారానికి పనికిరాదు గానీ, గూగుల్ అకౌంట్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది, మీరు కొన్ని నెలలు అకౌంట్ వాడకపోతే మీరు చెప్పిన మనిషికి డేటా అందేలా పెట్టుకోవచ్చు, గూగుల్ వన్‌కి మారిన రోజే అందులో మీ ఆవిడ పేరు పెట్టండి. దాన్ని నామినీ అనుకోకండి, పాలసీల్లో నామినీ ఎవరో విడిగా చూసుకోవాలి.

సర్వర్‌ని వెంటనే ఆపేయకుండా ఒక నెల రెండూ నడపండి. ఆ నెలలో ఒకరోజు మీరు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, ఇంటి డాక్యుమెంట్ తీసి వాట్సాప్ చేయమని మీ ఆవిడని అడగండి, మీరేం చెప్పకుండా. ఐదు నిమిషాల్లో వచ్చిందంటే సాయంత్రం వెళ్లి స్విచ్ ఆఫ్ చేసేయండి.