వేళ్లు మొలుస్తాయా, విడతాయా?

సందేహం: అయ్యా, గర్భిణుల ఆరోగ్యం మీద ఒక కరపత్రంలో ‘రెండో నెలలో పిండానికి చేతులు, వేళ్లు మొలుస్తాయి’ అని ఉంది. మొలవడం విత్తనాలకే చెల్లుతుందనీ, ‘అభివృద్ధి చెందుతాయి’ అనాలనీ మా బళ్లో సైన్సు మాస్టారు అంటున్నారు. ఏది సరి?
– ఒక ఉపాధ్యాయిని, గుత్తి

సమాధానం: అమ్మా, చేతులకు మొలవడం సరే. వేళ్లకు కుదరదు.

మొలుచు విత్తనానికే అయితే పళ్లు మొలవడం, రెక్కలు మొలవడం, ‘నీకేమన్నా కొమ్ములు మొలిచినాయా’ అని గద్దించడం ఎట్లా వచ్చినాయి? మన మొలక కన్నడంలో మొళకె, తమిళంలో ముళై. కన్నడంలో మేకును మొళె అంటారు. మనకూ మేకుకు మొల అనే పేరుంది. మొలల జబ్బులోని మొలలూ ఈ కుదురువేనని నా నమ్మకం. (మొలతాడులోని మొల వేరు, అది నడుము.) చదునైన చోట కొన ఒకటి బయటికి పొడుచుకు రావడం, అదీ ఈ మాట ప్రాణం. పీకి కుప్పేసిన శెనక్కాయ వానకు తడిస్తే పొట్టు చీల్చుకొని తెల్లటి కొన తొంగిచూస్తుంది. అది చూసి గుండె జారిన అనంతపురం రైతుకు మొలక అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

పిండంలో చేయీ ఇట్లాగే వస్తుంది. ఫలదీకరణ తర్వాత సుమారు 26వ రోజున ఒంటి పక్కన చిన్న బుడిపె లేస్తుంది. కాలి బుడిపె ఒకటి రెండు రోజులు వెనక. (డాక్టర్ల లెక్క చివరి నెలసరి నుంచి గనక రెండు వారాలు ఎక్కువ చెప్తారు, రెండు లెక్కలూ కలిపేస్తే తప్పులు దొర్లుతాయి.) బుడిపె కొనన పైపొర దళసరెక్కి సన్నటి గట్టులా నిలుస్తుంది. 1948లో జాన్ సాండర్స్ అనే జీవశాస్త్రవేత్త కోడిపిండం రెక్క బుడిపె మీది ఆ గట్టును తీసి చూశాడు. తొందరగా తీస్తే రెక్క మొదటి భాగం దగ్గరే ఆగింది, ఆలస్యంగా తీస్తే కొస మాత్రమే లోపించింది. కొన వెంబడి సాగేదాన్ని మొలవడం అనక ఏమంటాం? ‘అభివృద్ధి చెందడం’ అంటారా, ఊరికీ రోడ్డుకీ బిడ్డ చేతికీ అదొక్కటే క్రియ అయిపోయింది. ఏం జరిగిందో పిల్లలకు తెలియనీయని మాట. బళ్లోకి రానీయకండి.

వేళ్ల సంగతి అది కాదు. 5వ వారంలో బుడిపె కొన తెడ్డులా చదునవుతుంది. 6వ వారంలో అందులో కణాలు అయిదు గీతలుగా చిక్కబడతాయి. ఆ గీతల నడిమి కణాలు తమంతట తామే చచ్చి, సందులు పడి, 8వ వారం ముగిసేసరికి వేళ్లు విడతాయి. కోడికాలిలోనూ అంతే. బాతుకాలిలో ఆ కణాలు చాలావరకు బతికిపోతాయి గనక తోలు మిగులుతుంది. బిడ్డలో అవి చావకుంటే రెండు వేళ్లు కలిసే పుడతాయి. వీటిని ‘అతుక్కుపోయిన వేళ్లు’ అని రాస్తున్నారు. అతుక్కోవాలంటే ముందు విడిగా ఉండాలి గదా! కాలిన గాయం మానేటప్పుడు కలిసినవి అతుక్కున్న వేళ్లు. పుట్టుకతో వచ్చినవి విడని వేళ్లు. పైగా వేరుకూ బహువచనం వేళ్లే, ‘వేళ్లు మొలిచినాయి’ అంటే చెట్టు సంగతనుకుంటారు.

చిటికెనవేలి పక్కన చిన్న తిత్తిలా వేలాడే ఆరోవేలు ‘మొలిచింది’ అంటే మాత్రం గట్టిగా కాదనలేను. చూపుకు అది మొలకలాగే ఉంటుంది.