ఉప్పుగాలిలో పొగగొట్టం: మీ ప్రశ్నలు, మా జవాబులు

మాది తాతలనాటి పెంకుటిల్లు. పొద్దున్న పొయ్యి బాగానే మండుతుంది. మధ్యాహ్నం రెండు దాటితే పొగంతా వంటింట్లోకే తిరిగొస్తోంది. గొట్టం నిరుడే దులిపించాం.
– ఒక గృహిణి, కవిటి మండలం

పొద్దున్న బాగుండి మధ్యాహ్నం పాడవుతోందంటే తప్పు మసిది కాదు, గాలిది. ఎండ ముదిరాక సముద్రం మీంచి గాలి లేస్తుంది. అది కప్పు ఒక వాలు మీదుగా ఎక్కి, కొప్పు దాటి అవతలి వాలులోకి దిగేటప్పుడు సుడి తిరుగుతుంది. గొట్టం మూతి ఆ సుడిలో ఉంటే పొగ పైకి పోనే పోదు, గాలి దాన్ని కిందకి తొక్కేస్తుంది.

ముందు ఖర్చు లేని పని చేసి చూడండి. ఆ వేళకి సముద్రం వైపు కిటికీ జానెడు తెరవండి. పొగ తగ్గితే మీ వంటింటికి గాలి చాలడం లేదన్నమాట. పొగ బయటికి పోవాలంటే అంత గాలీ లోపలికి రావాలి. అవతలి వైపు కిటికీ మాత్రం తెరవకండి, అది గదిలో గాలిని బయటికి లాగేసి పొగను ఇంకా కిందకి దించుతుంది.

అయినా తగ్గకపోతే ఎత్తు కొలవండి. కప్పులోంచి బయటకొచ్చిన చోటి నుంచి గొట్టం కనీసం 3 అడుగులు లేవాలి. చుట్టూ 10 అడుగుల్లో ఉన్న కొప్పు, పక్కింటి మేడ గోడ, నీళ్ల ట్యాంకు, వీటిలో ఏది ఎత్తయితే దానికన్నా మరో 2 అడుగులు పైన ఉండాలి. ముప్పై ఏళ్ల కిందట సరిపోయిన ఎత్తు, పక్కన డాబా లేచాక చాలదు. ఇటుక గొట్టాన్ని పెంచేటప్పుడు దాని సన్నటి వైపు వెడల్పుకు నాలుగున్నర రెట్లు దాటకూడదు. 18 అంగుళాల వెడల్పుంటే కప్పు మీద 6 అడుగుల 9 అంగుళాలే హద్దు. తుపాన్లు దాటే చోట అంతదాకా కూడా పోవద్దని మా సలహా.

గిరగిరా తిరిగే టోపీ పెట్టమని ఎవరైనా చెబితే వద్దనండి. ఉప్పుగాలికి దాని బేరింగు పట్టేస్తుంది, ఆ మీద అదే అడ్డు. నాలుగు మూలలా ఇటుక కాళ్లు కట్టి పైన పలక వేయడమే మేలు. 8 అంగుళాల గొట్టానికి పలక కింద 6 అంగుళాల ఖాళీ తగ్గకూడదు.

పొగగొట్టం ఎప్పుడు దులపాలి, ఎలా దులపాలి? మా ఇంట్లో ఏటా సంక్రాంతికి ముందు ఇల్లు దులిపినప్పుడే అదీ చేయిస్తాం.
– ఒక పాఠకుడు, సోంపేట

అలవాటు మంచిదే, నెలే తప్పు. సంక్రాంతికి దులిపిస్తే, నీళ్ల కాగు కింద, అరిసెల పొయ్యి కింద ఆ తర్వాత మండగా చేరిన మసి మళ్లీ వచ్చే జనవరి దాకా గొట్టంలోనే ఉంటుంది. మధ్యలో వానాకాలం వస్తుంది. మసి తేమను పీల్చుకుంటుంది, తడిసిన మసి ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం సున్నపు అతుకుల్ని తినేస్తుంది. లోపలి ప్రాంతాల్లో ఇది మెల్లగా జరుగుతుంది. తీరాన గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి తేమ ఎప్పుడూ వదలదు. అందుకని దులపాల్సింది మే నెలలో, తొలకరికి ముందు. అక్టోబరు, నవంబరు తుపాన్లు వెళ్లాక ఒకసారి టార్చితో చూసుకుంటే చాలు. పొయ్యి రోజూ మండే మెస్సు, టిఫిన్ హోటలు అయితే మూడు నెలలకోసారి దులపాలి.

ఎంత మసి ఎక్కువ అని అడిగితే, మేకుతో గోడ మీద గీసి చూడండి. పొర 3 మిల్లీమీటర్లుంటే దులపాలి. 6 మిల్లీమీటర్లుంటే దులిపేదాకా నిప్పు పెట్టొద్దు. మసి మూడు రకాలు. పొడిపొడిగా రాలేది చీపురుకే పోతుంది. పెచ్చులుగా ఉన్నదానికి వైరు బ్రష్షు కావాలి. నల్లగా, గాజుపూతలా మెరిసేది ఏ బ్రష్షుకీ రాదు. పచ్చి కట్టెలు మండించిన ఇంట్లోనే అది ఎక్కువగా కనిపిస్తుంది, అంటుకుంటే భగ్గున మండేది కూడా అదే. బ్రష్షుతో గట్టిగా గీకితే ఇటుక ఊడుతుంది కాని అది ఊడదు. ఆ గొట్టం వాడకం ఆపి లోపల కొత్తగా స్టీలు గొట్టం దించుకోవాలి.

దులిపే రోజుకి పొయ్యి ఆరి ఒక రోజంతా గడిచి ఉండాలి. బూడిద తీసేసి, పొయ్యి నోటికి తడిపిన గోనెసంచులు కట్టండి, అంచుల సందులు కూడా మూయండి. మనిషికి ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, తలకు గుడ్డ తప్పవు, ఆ నుసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పెంకుల మీద నేరుగా నడిస్తే పెంకులు పగులుతాయి. వాసాల మీదుగా నిచ్చెన పడుకోబెట్టి, కొప్పుకు తాడుతో కట్టి, దాని మీదే ఎక్కాలి. నాచు పట్టిన పెంకు మీద, తడి రోజున ఎక్కనే కూడదు.

చదరపు గొట్టానికి చదరపు బ్రష్షు, గుండ్రటి దానికి గుండ్రటిది, అంచులు గోడకి ఒరిసేంత వెడల్పుండాలి. బ్రష్షుకి రెండు వైపులా తాళ్లు కట్టి, పైన ఒకరు, కింద ఒకరు ఉండి లాగితే కొస నుంచి కొస దాకా సమంగా గీకుతుంది. ఒక్క తాడుకి ఇనపగుండు కట్టి దించే పద్ధతి మానుకోండి, ఊగిన ప్రతిసారీ అది ఒక ఇటుకను కదుపుతుంది. ఇటుక గొట్టానికి ఇనప వైరు ఫరవాలేదు. స్టీలు గొట్టానికి ప్లాస్టిక్ కుచ్చు బ్రష్షే వాడాలి. ఇనప తునకలు స్టీలులో ఇరుక్కుంటే తుప్పు అక్కడే మొదలవుతుంది. పని అయ్యాక అరగంట ఆగి, నుసి కిందకి దిగాక గోనె విప్పండి. గొట్టం వంపు తిరిగిన చోట చేటెడు మసి నిలుస్తుంది, చేయి పెట్టి తీయాలి.

కొందరు ఉప్పు చల్లి మంట పెడితే మసి రాలుతుందంటారు. అసలే ఉప్పుగాలి, దానికి మనం మరో గుప్పెడు వేయడమెందుకు? గొట్టంలో మంటబెట్టి మసి కాల్చేయడం ఇంకా ప్రమాదం. లోపల వేడి 1000 డిగ్రీల సెల్సియస్ దాటి, గోడ బీటలు వారి, తాటి వాసాలకు అంటుకుంటుంది. గొట్టంలోంచి రైలు వస్తున్నట్టు హోరు వినిపిస్తే మసి అంటుకున్నట్టే. పొయ్యిలో నిప్పు లాగేసి, పొయ్యి నోరు మూసి, అందరూ బయటికొచ్చి 101కి ఫోను చేయండి. పైనుంచి నీళ్లు పోయొద్దు, కాలిన ఇటుక ఒక్కసారిగా పగులుతుంది.

జీడిపిక్కల తొక్క ఇక్కడ చౌకగా దొరుకుతుంది. ఇంటి పొయ్యిలో వాడొచ్చా?
– ఒక పాఠకుడు, కాశీబుగ్గ

వాడొద్దు. తొక్క బరువులో దాదాపు నాలుగో వంతు జీడినూనె. ఆ పొగ కళ్లు, గొంతు మండిస్తుంది, గొట్టంలో తారులా పేరుకుంటుంది. నూనె చేతికి తగిలితే పొక్కుతుందని మీ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. సరుగుడు కట్టెలు చీల్చి, కప్పు కింద ఆరు నెలలు ఎండబెట్టి వాడండి. రెండు ముక్కలు కొడితే ఖంగుమనాలి, దబ్బున చప్పుడైతే ఇంకా తడి ఉన్నట్టు.

గొట్టం గోడ మీద తెల్లటి పొడి పూస్తోంది, ఇటుకలు పొరలుగా రాలుతున్నాయి. మేస్త్రి గట్టి సిమెంటు పూసి, వాటర్‌ప్రూఫ్ రంగు వేద్దామంటున్నాడు.
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కోనాడ

ఒప్పుకోకండి. ఆ తెల్లపొడి ఉప్పే. తేమతో పాటు ఇటుకలోకి వెళ్లిన ఉప్పు, తేమ ఆరేటప్పుడు స్ఫటికమై ఉబ్బుతుంది. ఇటుక పైపొర అందుకే ఊడుతోంది. పాత గోడ సున్నంతో కట్టింది. సున్నం మెత్తన, తేమను అతుకుల్లోంచి బయటికి పంపేస్తుంది. సిమెంటు పూసి, ప్లాస్టిక్ రంగు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఉప్పు బయటికి రాలేక పూత వెనకే ఇటుకను పిండి చేస్తుంది. రెండు మూడేళ్లు గోడ కొత్తగా కనిపించి, ఆ తర్వాత పూత పెచ్చుగా ఊడితే దాంతో పాటు సగం ఇటుకా వస్తుంది.

ముందు పొడిని పొడి బ్రష్షుతోనే దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. అతుకుల్లో పాడైన సున్నాన్ని సన్నటి ఉలితో 20 మిల్లీమీటర్ల లోతు గీకండి, గ్రైండరు వద్దు, అది ఇటుక అంచుల్ని కోసేస్తుంది. కొత్త గారకి సున్నం 1, ఇటుక సుర్కీ (ఇటుక పొడి) 1, ఇసుక 1 పాళ్లు. సున్నం కనీసం రెండు వారాలు నీళ్లలో నానాలి. ఇసుక వంశధారదో, నాగావళిదో, ఏటి ఇసుకే కావాలి. సముద్రపు ఇసుక ఇంటి పక్కనే ఉందని వాడితే ఉప్పును మీరే గోడలో పెట్టినట్టు. కలిపే నీరు తాగేలా ఉండాలి, ఉప్పుబావి నీరు పనికిరాదు. అతుకు తడిపి, గార కూరి, వారం పది రోజులు తడి గోనె కప్పండి. ఎండకి తొందరగా ఆరితే పొడిపొడి అవుతుంది. నాలుగు వారాలు నిప్పు పెట్టకండి, ఆ తర్వాత కూడా మూడు రోజులు చిన్న మంటే.

గొట్టం నెత్తి మీద పలక సంగతి చాలామంది మరిచిపోతారు. తేమ ఎక్కువగా దిగేది అక్కడే. పలక గోడ దాటి 2 అంగుళాలు బయటికి రావాలి, అడుగున అంచుకి దగ్గరగా ఒక గాడి ఉండాలి. గాడి లేకపోతే వాన నీరు పలక అడుగునే పాకి గోడలోకి దిగుతుంది. ఆఖరున సున్నపు వెల్ల రెండు చేతులు వేయండి.

జీఐ రేకు గొట్టం వేయించి రెండేళ్లయింది, మోచేయి వంపు దగ్గర చిల్లు పడింది. స్టీలు వేస్తే పోతుందా?
– ఒక మెస్సు యజమాని, పూసపాటిరేగ

జీఐ మీదున్న జింకు పూత 200 డిగ్రీలు దాటిన వేడికి నిలవదు. పైగా బయట ఉప్పు, లోపల ఆమ్లం. వంపు దగ్గర తేమ నిలుస్తుంది కాబట్టి అక్కడే ముందు పోయింది. స్టీలులోనూ 304 రకం తీరానికి దగ్గరగా గోధుమ మచ్చలు పడి, సన్నటి గుంటలు తవ్వుకుంటుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం అడగండి, 20 గేజి రేకు కన్నా పల్చన కాకుండా. ధర ఎక్కువే. మీ మెస్సు సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటే అంతకన్నా చౌక దారి లేదు. క్లాంపులు, స్క్రూలు కూడా స్టీలువే కావాలి. జీఐ మేకు వేస్తే రెండు లోహాలు కలిసిన చోట జీఐ కరిగిపోతుంది.

పై ముక్క కొస కింది ముక్కలోకి దూరాలి. అప్పుడు తారు గొట్టం లోపలే దిగుతుంది. తిరగేస్తే అతుకు దగ్గర బయటికి కారుతుంది. అతుకుకి మూడు స్క్రూలు. ఒంటి రేకు గొట్టానికీ, వాసానికీ, తాటాకుకీ మధ్య 18 అంగుళాల ఖాళీ ఉండి తీరాలి. బయట భాగం నెలకోసారి మంచినీళ్లతో కడగండి.

పాత ఇటుక గొట్టంలోకి ఎలక్ట్రిక్ చిమ్నీ పైపు కలపొచ్చా? గోడ కొట్టడం ఇష్టం లేదు.
– ఒక పాఠకురాలు, విజయనగరం

కలపొద్దు. గరుకు ఇటుకకి నూనె ఆవిరి అంటి మసితో కలిస్తే అది వత్తే. అదే గొట్టానికి కట్టెల పొయ్యి కూడా ఉంటే ఫ్యాను ఆ పొగను మీ వంటింట్లోకి నెట్టొచ్చు. దాంట్లోని విషవాయువు కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు. 6 అంగుళాల పైపుని వేరే కన్నంలోంచి, బయటికి కొద్దిగా వాలుగా, రెండు వంపులకు మించకుండా తీయండి. అల్యూమినియం జాలీని చాకలిసోడాతో కడిగితే నల్లబడి పాడవుతుంది, గిన్నెల సబ్బు, వేడినీళ్లు చాలు.

తిత్లీ తుపానుకి మా గొట్టం నిలిచింది. ఆ తర్వాత వాడకం మానేశాం. ఇప్పుడు వానాకాలం వస్తే ఆ గోడ మీద గోధుమ రంగు మరకలు. పైనా కిందా మూసేద్దామా?
– ఒక పాఠకుడు, పలాస

2018 అక్టోబరు తుపానుకి నిలిచిందంటే లోపల బీటలు లేవని కాదు. పూర్తిగా మూసే ముందు చూసుకోండి. పొయ్యిలో తడి గడ్డి కొంచెం రాజేసి, పైమూతికి తడి గోనె ఒక్క నిమిషం అడ్డుపెట్టించి, అటక మీద, గోడ వెంబడి పొగ ఎక్కడ చిమ్ముతోందో గుర్తు పెట్టుకోండి. తలుపులు తెరిచే ఉంచాలి, అటక మీదున్న మనిషి ఎక్కువసేపు ఉండకూడదు. పొగ చిమ్మిన చోటల్లా సున్నపు గారతో మూయాలి.

మరకలకు కారణం లోపల మిగిలిన మసి. అందులోని లవణాలు గాలిలో తేమను లాగి గోడలోకి దింపుతాయి. కాబట్టి ముందు దులిపించండి. తర్వాత రెండు వైపులా బిగించి మూయకండి, లోపల గాలి ఆడకపోతే తేమ ఇంకా పెరుగుతుంది. పైన వాన పడకుండా పలక, పలక కింద చుట్టూ అర అంగుళం కన్నాల స్టీలు జాలీ పెట్టండి. అంతకన్నా సన్న జాలీ దుమ్ముతో పూడుతుంది, పెద్దదైతే పావురాలు దూరతాయి. కింద పొయ్యి నోటిని ఇటుకతో కట్టి, 9 అంగుళాలకు 6 అంగుళాల గాలి జాలీ వదలండి. మరక పట్టిన పూతని, మరక అంచు దాటి అడుగు దూరం వరకూ చెక్కేసి, ఒక ఎండాకాలం ఆరనిచ్చి, అప్పుడు సున్నంతో పూయించండి.